రెండు తాళ్లు, ఒక ముడి: చేపల వేటలో అతుకు ముడుల సమీక్ష

చేపల వేటలో మొదటి నుంచి చివరి దాకా ఒకే ముక్కగా ఉండే తాడు అరుదు. ఒడ్డు మీద నిలబడి లాగే అలివి వలకు రెండు వైపులా వందల మీటర్ల మోకులు కావాలి. తాడుకు తాడు కలుపుకుంటూ పోతేనే ఆ పొడవు వస్తుంది. నీళ్లు లోతైన చోట లంగరు తాడుకు ఇంకో తాడు తగిలిస్తారు. బెండ్లు కట్టిన పైతాడు, సీసం గుళ్లు కట్టిన అడుగుతాడు పక్క వల తాళ్లతో కలిసినప్పుడే విడి వలలు ఒక పొడవాటి వరుసగా నిలుస్తాయి. గాలంతో వేటాడేవారి చేతి తాడుకూ, గాలానికి దగ్గరగా ఉండే నైలాన్ దారానికీ మధ్య ఒక అతుకు ఉంటుంది. చేత్తో అల్లిన వలలో ప్రతి కన్నూ దారాన్ని దారంతో కలిపిన ముడే. ఈ అతుకుల్లో ఒకటి జారితే దాని అవతల ఉన్న వల, లంగరు, చేప అన్నీ పోతాయి. గాలివాన వేళ లంగరు తాడు అతుకు వదిలితే పడవకే ముప్పు.

అన్ని తాళ్లకూ సరిపోయే ముడి ఒకటంటూ లేదు. తాడు దేనితో చేసింది, రెండు తాళ్ల లావులో ఎంత తేడా ఉంది, బరువు నిలకడగా పడుతుందా కుదుపులతో పడుతుందా, వేట అయ్యాక ముడి విప్పాలా వద్దా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఏ ముడి వేయాలో తేలిపోతుంది. ఈ వ్యాసం ముడి నిలిచే తీరుతో మొదలై, తాళ్ల రకాలు, మోకుల అతుకులు, వల ముడులు, గాలపు దారాల ముడులు, పేటల అల్లిక అనే వరుసలో సాగుతుంది.

ముడి ఎలా నిలుస్తుంది

ముడి వేసిన వలల చరిత్ర పది వేల ఏళ్లకు పైబడింది. 1913లో అప్పటి ఫిన్లాండ్‌లోని ఆంత్రియా దగ్గర, ఇప్పుడు రష్యాలో ఉన్న కరేలియా ప్రాంతంలో, విల్లో చెట్టు నారతో అల్లిన వల ముక్కలు భూమిలో దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 8300 ప్రాంతమని నిర్ణయించారు. ఇప్పటివరకు దొరికిన అత్యంత పురాతనమైన వలల్లో అదొకటి. అనుభవం మనిషికి ముడులు నేర్పింది అంత పాతకాలంలో. అవి ఎందుకు నిలుస్తాయో శాస్త్రం చెప్పింది చాలా ఆలస్యంగా.

ముడిని పట్టి ఉంచేది రాపిడి. తాడు దేని చుట్టూ తిరిగినా ప్రతి చుట్టుకూ పట్టు రెట్లలో పెరుగుతుంది. 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ కట్టిన లెక్క ఇదే. రాపిడి గుణకం 0.3 ఉన్న గరుకు తాడు ఒక పూర్తి చుట్టు తిరిగితే పట్టు సుమారు 6.6 రెట్లవుతుంది. గుణకం 0.1 ఉన్న నున్నటి తాడు అదే ఒక్క చుట్టుకు 1.9 రెట్లే ఇస్తుంది. దానితో 6.6 రెట్లు రావాలంటే మూడు చుట్లు తిప్పాలి. కొబ్బరి మోకు మీద ఒక్క చుట్టుతో నిలిచిన ముడి నున్నటి సింథటిక్ తాడు మీద జారిపోవడానికి, గాలపు దారాల ముడుల్లో అయిదారు చుట్లు ఉండడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

పట్టుతో పాటు ఆకారం కూడా ముఖ్యం. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, సాగినప్పుడు రంగు మారే పోగులతో ముడులు వేసి, లోపల ఒత్తిడి ఎక్కడ పడుతుందో కంటికి కనబడేలా చేశారు. తాళ్లు ఒకదానినొకటి దాటే చోట్లు ఎన్ని ఉన్నాయి, ఆ చోట్ల అవి ఎదురెదురు దిక్కుల్లో మెలితిరుగుతున్నాయా, పక్కపక్కనే ఉన్న భాగాలు ఎదురెదురుగా రాసుకుంటున్నాయా అన్న మూడు లక్షణాలు ముడి నిలకడను నిర్ణయిస్తాయని వారు తేల్చారు. చూడటానికి దాదాపు ఒకేలా ఉండే రెండు ముడుల్లో ఒకటి నిలిచి మరొకటి జారడం ఎందుకో దీనితో అర్థమైంది.

నిలకడ వేరు, బలం వేరు. ముడిలో తాడు ఒక్కసారిగా వంగుతుంది. వంపు బయటి పోగుల మీద లాగుడు పెరిగి, లోపలి పోగులు నలుగుతాయి. అందుకే తాడు సాధారణంగా ముడి మధ్యలో కాకుండా, బరువు మోసే భాగం ముడిలోకి ప్రవేశించే మొదటి వంపు దగ్గర తెగుతుంది. ముడిని బట్టి తాడు బలంలో సుమారు 30 నుంచి 55 శాతం వరకు పోతుంది. వంపు ఎంత విశాలంగా ఉంటే నష్టం అంత తక్కువ. ఈ లెక్క తెలియకుండా తాడు మీద రాసి ఉన్న బలాన్ని నమ్ముకుంటే, తాడు మోయగలిగే బరువును దాదాపు రెట్టింపు చేసి ఊహించుకున్నట్టే.

తాడు మారితే ముడి మారాలి

20వ శతాబ్దం మొదటి సగం వరకు కొబ్బరి పీచు, జనుము, నూలు తాళ్లతోనే వేట సాగింది. వాటి ఒళ్లు గరుకు. తడిసినప్పుడు ఉబ్బి ముడిని ఇంకా బిగిస్తాయి. నూలు దారం తడిస్తే బలం కూడా పెరుగుతుంది. కుళ్లిపోవడం వాటి లోపం. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ 1938లో నైలాన్‌ను ప్రకటించాక ప్రపంచమంతటా వలలు, తాళ్లు మారడం మొదలైంది. కేరళలోని కొచ్చిలో 1957లో ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన దేశంలో వల దారాలు, తాళ్ల మీద పరిశోధనలు చేస్తూ వచ్చింది. దాని పరిశోధనా కేంద్రం ఒకటి విశాఖపట్నంలో ఉంది.

కొత్త తాళ్లన్నీ ఒకేలా ప్రవర్తించవు. నైలాన్ సాంద్రత 1.14, పాలిస్టర్‌ది 1.38. ఈ రెండూ నీటిలో మునుగుతాయి. పాలిథిలిన్ (0.95), పాలిప్రొపిలిన్ (0.91) తేలుతాయి. నైలాన్ బాగా సాగుతుంది, తడిస్తే బలంలో పదో వంతు దాకా కోల్పోతుంది. కుదుపులను మింగగలదు కాబట్టి లంగరు తాడుకు పనికొస్తుంది. కానీ బరువు పడి తీసినప్పుడల్లా సాగి ముడుచుకుంటూ ముడిలో కదలిక తెస్తుంది. పాలిథిలిన్, పాలిప్రొపిలిన్ తాళ్లు నున్నగా, బిరుసుగా ఉండి, బరువు లేనప్పుడు ముడిని వదులు చేసుకుంటాయి. డైనీమా వంటి అత్యంత బలమైన పాలిథిలిన్ తాళ్లు మూడు, నాలుగు శాతానికి మించి సాగవు. వాటి ఒళ్లు అన్నిటికన్నా నున్నన, పైగా 150 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతాయి. మామూలు ముడి వాటి మీద తెగకముందే జారిపోతుంది, జారేటప్పుడు పుట్టే వేడి పోగులను దెబ్బతీస్తుంది. తాత నేర్పిన ముడిని అలాగే కొత్త తాడు మీద వేయడమే నేటి అతుకుల వైఫల్యానికి పెద్ద కారణం.

పురి సంగతి కూడా చూడాలి. మూడు పేటల తాడు కుడికి గానీ ఎడమకు గానీ పురి తిరిగి ఉంటుంది. కుడి పురి తాడును ఎడమ పురి తాడుతో కలిపి బరువు వేస్తే రెండూ ఒకదాని పురిని మరొకటి విప్పుతాయి. ముడి నిలిచినా తాళ్లు చెడతాయి.

మోకులను కలిపే ముడులు

చదరపు ముడితో మొదలుపెట్టాలి, ఎందుకంటే దాన్ని వాడకూడదు. కుడి కొసను ఎడమ మీదుగా, ఆపైన ఎడమ కొసను కుడి మీదుగా వేసే ఈ ముడి మూటలు కట్టడానికి, చుట్టిన తెరచాపను బిగించడానికి మంచిది. అక్కడ దాని వెనుక మూట ఒత్తిడి ఉంటుంది. రెండు విడి తాళ్ల మధ్య అలాంటి ఆధారం ఉండదు. ఒక కొసను పక్కకు గుంజితే చాలు, ముడి తలకిందులై ఒక తాడు నేరుగా సాగి రెండో దాని నుంచి జారిపోతుంది. తాళ్ల లావులో తేడా ఉంటే ఇంకా త్వరగా జారుతుంది. 1944లో మూడు వేల ఎనిమిది వందలకు పైగా ముడులతో గ్రంథం వెలువరించిన అమెరికన్ రచయిత, చిత్రకారుడు క్లిఫర్డ్ ఆష్లీ, రెండు తాళ్లు కలపడానికి ఈ ముడిని వాడటం వల్ల పోయినన్ని ప్రాణాలు బహుశా వేరే ఏ అరడజను ముడుల వల్ల కలిపినా పోయి ఉండవని హెచ్చరించారు. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే వచ్చే తప్పు ముడి దీనికన్నా అధ్వానం.

మోకులను కలపడానికి ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది వల ముడి. నావికులు దీన్ని షీట్ బెండ్ అంటారు. నేతగాళ్లు తెగిన నూలుపోగును కలిపే ముడి నిర్మాణం కూడా ఇదే. లావు తాడు కొసను వెనక్కి మడవాలి. సన్న తాడు కొసను ఆ మడత లోపలికి కిందనుంచి తెచ్చి, మడత రెండు కాళ్ల వెనుకగా చుట్టి, తన తాడు కిందుగానే దూర్చి బిగించాలి. రెండు కొసలూ ఒకే పక్కకు రావాలి. ఎదురు పక్కలకు వస్తే పట్టు తగ్గుతుంది. ఈ ముడి త్వరగా పడుతుంది, బరువు తీశాక సులువుగా విడుతుంది, లావులో తేడా ఉన్న తాళ్లకు నప్పుతుంది. బరువు ఆగి ఆగి పడినప్పుడు, అలల మీద ఊగినప్పుడు వదులవడం దీని బలహీనత.

ఆ బలహీనతకు మందు జంట వల ముడి. సన్న తాడు కొసను మడత చుట్టూ ఇంకో చుట్టు తిప్పి, మళ్లీ తన తాడు కిందుగానే దూర్చాలి. నున్నటి తాళ్ల మీద, లావులో తేడా ఎక్కువున్నప్పుడు ఈ రెండో చుట్టు తప్పనిసరి. ముడి బలం దీనితో పెద్దగా పెరగదు గానీ నిలకడ బాగా పెరుగుతుంది.

మామూలుగా వంగని లావు మోకులకు క్యారిక్ బెండ్ తగినది. ఒక మోకుతో ఉచ్చు వేసి, రెండో మోకును దాని గుండా ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి వరుస తప్పకుండా నడిపించాలి. కొసలు మూలకు మూల ఎదురుగా రావాలి. బరువు పడగానే బల్లపరుపుగా ఉన్న అల్లిక ముడుచుకుని గుండ్రని ముద్దగా మారుతుంది. ఎంత బరువు లాగినా, ఎంత నానినా పీటముడి పడదు. పెద్ద పడవలను లాగే మోకులకు ఇది శతాబ్దాల నుంచి ఉంది. అల్లికలో ఒక్క దాటు తప్పినా మొత్తం ముడి నిలకడ పోతుంది కాబట్టి చీకట్లో, తొందరలో వేసేవారికి ఇది అనువు కాదు.

సమాన లావున్న సన్నటి తాళ్లకు జాలరి ముడి ఉంది. రెండు తాళ్లను ఎదురెదురుగా పక్కపక్కన పెట్టి, ఒక కొసతో రెండో తాడు చుట్టూ మామూలు ముడి వేయాలి. రెండో కొసతోనూ అలాగే చేయాలి. లాగితే రెండు ముడులూ జారి వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఒక్కో ముడిలో రెండేసి చుట్లు తిప్పితే జంట జాలరి ముడి అవుతుంది. దాని నిలకడ ఎక్కువ, నున్నటి తాళ్లకూ పనికొస్తుంది. అయితే బరువు పడ్డాక దాన్ని విప్పడం దాదాపు అసాధ్యం. అందుకే ఇది శాశ్వత అతుకుల్లో చేరుతుంది.

ముడుల చరిత్రలో కొత్త పుటలు ఇంకా పడుతూనే ఉన్నాయి. 1978లో లండన్ ‘టైమ్స్’ పత్రిక మొదటి పుటలో డాక్టర్ ఎడ్వర్డ్ హంటర్ కనుగొన్న అతుకు ముడి గురించి వార్త వచ్చింది. అదే ముడిని అమెరికన్ పర్వతారోహకుడు ఫిల్ స్మిత్ 1950లలోనే పుస్తకంలో చూపించారని తరువాత తేలింది. ఆ వార్త రేపిన ఆసక్తి 1982లో అంతర్జాతీయ ముడుల సంఘం పుట్టుకకు దారితీసింది. అదే కుటుంబానికి చెందిన జెప్పెలిన్ బెండ్ కుదుపులకు వదులవదు, ఎంత లాగినా సులువుగా విడుతుంది. సమాన లావున్న తాళ్ల తాత్కాలిక అతుకులకు ఈ రెంటిలో జెప్పెలిన్ బెండ్ మేలు. వల ముడి అలవాటైన చేతులకు ఇది నేర్చుకోదగిన ముడి.

లావులో తేడా మరీ ఎక్కువైతే, రెండు తాళ్ల కొసలకూ జారని ఉచ్చు ముడి, అంటే బౌలైన్, వేసి ఒక ఉచ్చును రెండో దానిలో తగిలిస్తారు. రెండూ సులువుగా విడుతాయి. ఒక ఉచ్చు మరో దానితో రాసుకునే చోట తాడు అరగడం దీని లోపం.

వల కన్నులోని ముడి

వల అల్లేటప్పుడు కండెతో దారాన్ని నడిపించి వేసే ముడి పైన చెప్పిన వల ముడే. ఒక్కొక్క ముడి మోసే బరువు తక్కువ గానీ, కన్ను పరిమాణం మారకుండా ఉండటం ముఖ్యం. ముడి జారితే కన్ను ఒకచోట పెద్దదై పట్టాల్సిన చేపకు కూడా దారి ఇస్తుంది, మరోచోట చిన్నదై పట్టకూడని చేపను పడుతుంది. నూలు దారానికి ఒంటి ముడి సరిపోయింది. ఒంటిపోగు నైలాన్‌కు అది చాలదు కాబట్టి జంట ముడి వేస్తారు. యంత్రాల మీద అల్లిన వలలను సాగదీసి వేడి చేసి ముడులను స్థిరపరుస్తారు. ముడులు లేని రాషెల్ అల్లిక వలలు తేలికగా ఉంటాయి, నీటిలో లాగడానికి తక్కువ శక్తి చాలు. అయితే చిరిగిన చోట బాగుచేయడం కష్టం. ముడుల వల చిరిగితే కండె, దారం ఉన్న ఏ జాలరైనా ఒడ్డునే కుట్టుకోగలడు. మరమ్మతు దారం వల దారమంత లావే ఉండాలి, ముడి కూడా అదే రకమైతేనే కన్ను సమంగా వస్తుంది.

గాలపు దారాల అతుకులు

గాలపు దారాల్లో ముడి చిన్నదిగా, సన్నగా ఉండాలి. కర్ర మీది ఉంగరాల గుండా అది సాఫీగా పోవాలి. చేప కంటికి కనబడకూడదు. ఇక్కడ విప్పే అవసరం ఉండదు, కోసేస్తారు.

సమాన లావున్న రెండు ఒంటిపోగు దారాలకు బ్లడ్ నాట్ వాడతారు. రెండు దారాలను ఎదురెదురుగా పెట్టి, ఒక కొసను రెండో దారం చుట్టూ అయిదు చుట్లు తిప్పి మధ్య సందులోకి తేవాలి. రెండో కొసనూ అన్ని చుట్లు తిప్పి అదే సందులోకి ఎదురు దిక్కు నుంచి దూర్చాలి. దారాన్ని తడిపి మెల్లగా లాగితే చుట్లు దగ్గరికి చేరతాయి. లావులో తేడా ఉన్నప్పుడు ఇది సరిగా కుదరదు. అప్పుడు సర్జన్ ముడి సులువు. రెండు దారాలను పక్కపక్కన పెట్టి, రెంటితో కలిపి ఉచ్చు వేసి, కొసలను రెండు మూడు సార్లు ఉచ్చులోంచి తీయాలి. గాలం వైపు దారం మొత్తం ఉచ్చులోంచి రావాలి కాబట్టి అది పొట్టిగా ఉండాలి. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు కూడా వేయగలిగేది ఇదే.

అల్లిక దారాన్ని నైలాన్ దారంతో కలపడానికి జంట యూని ముడి బాగా చెల్లుతుంది. ఒక్కొక్క దారం రెండో దాని మీద తన ముడి వేసుకుంటుంది. నైలాన్‌కు అయిదు చుట్లు, నున్నటి అల్లిక దారానికి ఏడెనిమిది చుట్లు కావాలి. అమెరికాలోని ఫ్లోరిడా దీవుల్లో చేపల వేటకు దారి చూపిన జిమ్మీ ఆల్‌బ్రైట్ పేరు మీద ఉన్న ముడిలో లావు దారాన్ని మడిచి, సన్న దారాన్ని ఆ మడత మీద పది చుట్ల దాకా తిప్పి, లోపలికి వచ్చిన పక్కగానే బయటకు తీస్తారు. లావులో పెద్ద తేడాలకు ఇది నప్పుతుంది. ఎఫ్‌జీ ముడిలో నైలాన్ దారాన్ని బిగుతుగా పట్టుకుని అల్లిక దారాన్ని అటూ ఇటూ మార్చి మార్చి ఇరవై సార్ల వరకు అల్లుతారు. నైలాన్ ఎక్కడా వంగదు, లాగేకొద్దీ అల్లిక దాన్ని ఇంకా బిగించి పట్టుకుంటుంది. ఈ ముడుల్లో అతి సన్ననిది ఇదే. ట్యూనా వంటి బలమైన చేపలకు దీనికి మించినది లేదు గానీ, ఊగే పడవలో వేయడానికి చాలా సాధన కావాలి.

పేటల అల్లిక: శాశ్వత అతుకు

విప్పనవసరం లేని మోకు అతుకుకు ముడి కన్నా పేటల అల్లిక మేలు. రెండు తాళ్ల పేటలను విప్పి ఒకదాని సందుల్లో మరొకటి ఎదురెదురుగా కూర్చి, ప్రతి పేటనూ ఒక పేట మీదుగా, మరో పేట కిందుగా నడిపించాలి. కొబ్బరి, జనుము తాళ్లకు మూడు వరుసలు చాలు. నైలాన్, పాలిప్రొపిలిన్ తాళ్లకు కనీసం అయిదు కావాలి. తాడు బలంలో 10 నుంచి 15 శాతమే పోతుంది, అతుకు చోట తాడు లావెక్కుతుంది. కప్పీల గుండా పోవాల్సిన తాడుకు పొడుగు అల్లిక వేస్తే లావు అంతగా పెరగదు గానీ తాడు ఎక్కువ ఖర్చవుతుంది. ఉక్కు తీగ తాళ్లకు ముడి పనికిరాదు. కొసల్లో ఉచ్చులు చేసి ఇనుప కొక్కేలతో కలపాలి.

వేసే పద్ధతి

ఎంత మంచి ముడైనా నిర్లక్ష్యంగా వేస్తే నిలవదు. బిగించే ముందు చుట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా సర్దాలి. నైలాన్ దారాన్ని తడిపి మెల్లగా బిగించాలి. పొడిగా ఒక్కసారి గుంజితే రాపిడి వేడికి దారం మెత్తబడుతుంది. తాడు లావుకు పది నుంచి పన్నెండు రెట్లు కొస వదలాలి. నీటిలోకి దింపే ముందు రెండు వైపులా గట్టిగా లాగి చూడాలి. సింథటిక్ తాళ్ల కొసలను కాల్చి గానీ దారం చుట్టి గానీ పేటలు విడకుండా చేయాలి. ప్రతి వేట తర్వాత అతుకులను తడిమి చూసి, నలిగినవాటిని కోసి కొత్తగా వేయాలి.

కోసిన ముక్కలు పడవలోనే ఉండాలి. నైలాన్, పాలిథిలిన్ ముక్కలు సముద్రంలో ఏళ్ల తరబడి కుళ్లవు. అతుకు జారి సముద్రంలో పోయిన వల చేపలను, తాబేళ్లను చంపుతూనే ఉంటుంది. వలలు, తాళ్లు సముద్రంలో పారేయడాన్ని మార్పోల్ ఒప్పందం అయిదో అనుబంధం నిషేధించింది. పోయిన వల ఎవరిదో తెలిసేలా గుర్తులు వేయాలన్న మార్గదర్శకాలను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మత్స్య కమిటీ 2018లో ఆమోదించింది. సరైన ముడి వల పోకుండా కాపాడుతుంది కాబట్టి ఈ పనికి అది మొదటి మెట్టు.

ఏ ముడి ఎక్కడ

లావులో తేడా ఉన్న రెండు మోకులను వేట ముగిసే దాకా కలపాలంటే జంట వల ముడి. సమాన లావున్న, మళ్లీ విప్పాల్సిన తాళ్లకు జెప్పెలిన్ బెండ్. బాగా లావైన, బిరుసు మోకులకు క్యారిక్ బెండ్. విప్పనవసరం లేని సన్నటి తాళ్లకు జంట జాలరి ముడి. శాశ్వత మోకులకు పేటల అల్లిక. సమాన నైలాన్ దారాలకు బ్లడ్ నాట్, అసమాన దారాలకు సర్జన్ ముడి లేదా ఆల్‌బ్రైట్, అల్లిక దారానికి జంట యూని లేదా ఎఫ్‌జీ. చదరపు ముడిని రెండు తాళ్లు కలపడానికి ఎప్పుడూ వాడకూడదు. తాడు మార్చిన ప్రతిసారీ ముడిని మళ్లీ పరీక్షించాలి. మత్స్య పాఠశాలలు, సహకార సంఘాలు, పడవ యజమానులు కొత్త తాడు ఇచ్చేటప్పుడు దానికి తగిన ముడిని కూడా చేత్తో వేయించి నేర్పాలి. ఖర్చు లేని ఈ శిక్షణ వలలనూ మనుషులనూ కాపాడుతుంది.